అణు ఒప్పందం మీద ఓటు ఎప్పుడు జరిగింది?

(అమలాపురంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం అండి. ఆడవాళ్లు ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

2008 జులై 22. లోక్‌సభలో ఓటింగ్. ప్రభుత్వం వైపు 275, వ్యతిరేకంగా 256. పదిమంది ఎటూ వెయ్యలేదు. ఇక్కడ నడివయసు దాటినవాళ్లందరికీ ఆ రోజు గుర్తుండే ఉంటుంది. బీజేపీ సభ్యులు ముగ్గురు నోట్ల కట్టలు తెచ్చి సభ మధ్యలో బల్ల మీద పెట్టారు. ఓటు కోసం మాకిచ్చిన డబ్బిది అన్నారు. ఆ గొడవలో ప్రధాని మన్మోహన్ సింగ్ తన సమాధానం చదవలేకపోయారు. రాసుకొచ్చిన కాగితాలు సభకు సమర్పించి ఊరుకోవలసి వచ్చింది.

సరే. నేను అడిగేది ఒకటే. ఆ రోజు ఓటు దేని మీద జరిగింది? చెప్పండి. "అమెరికాతో అణు ఒప్పందం మీద" అంటున్నారు పెద్దాయన. అందరం అలాగే అనుకుంటాం. పేపర్లూ అలాగే రాశాయి. కాదండి. ఒప్పందం వద్దని వామపక్షాలు ప్రభుత్వానికి మద్దతు తీసేశాయి. అందుకని ఆ రోజు సభ ముందుకొచ్చింది విశ్వాస తీర్మానం. మంత్రిమండలి మీద ఈ సభకు విశ్వాసం ఉంది, అని ఒక్క వాక్యం. అందులో ఒప్పందం మాటే లేదు. ఒప్పందం మీద మన పార్లమెంటులో ఓటు ఆ రోజూ జరగలేదు, అంతకు ముందూ జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

ఇప్పుడు అవతలి దేశం చూడండి. దీన్ని 123 ఒప్పందం అంటారు కదా. 123 అంటే ఏమిటి? వాళ్ల అణుశక్తి చట్టంలో సెక్షన్ నంబరు. అణు సామగ్రి వేరే దేశానికి ఇవ్వాలంటే వాళ్ల కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు ముందుకు ఒప్పందం రావాలని ఆ సెక్షన్ చెబుతుంది. మన విషయంలో వాళ్లు రెండు విడతలుగా చట్టం చేశారు. 2006 డిసెంబర్‌లో మనతో అణు వ్యాపారానికి దారి తెరుస్తూ హైడ్ చట్టం. మళ్లీ 2008లో అసలు ఒప్పందం వాళ్ల ముందుకొచ్చింది. ప్రతినిధుల సభలో అవునని 298, కాదని 117. సెనేట్‌లో 86, 13. ఎవరు ఎటు వేశారో పేరుపేరునా రికార్డు ఉంది. అదంతా అయ్యాక 2008 అక్టోబర్ 10న ప్రణబ్ ముఖర్జీ, కండోలిజా రైస్ సంతకాలు పెట్టారు. ఒకే కాగితం. అక్కడ ఓటు వేసి ఒప్పుకున్నారు. ఇక్కడ మంత్రివర్గం ఒప్పుకుంది, అంతే.

ఇది తప్పా, చట్టవిరుద్ధమా అని అడుగుతారు. చట్టవిరుద్ధం కాదు. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా ఉంది. అందులో 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, అమలు చేయడం. అంటే ఒప్పందాలు ఎలా చేసుకోవాలో పార్లమెంటు ఒక చట్టం చేసుకోవచ్చు. డెబ్బై అయిదేళ్లు దాటినా ఆ చట్టం చెయ్యలేదు. చట్టం లేదు కాబట్టి సంతకం పెట్టే అధికారం అంతా ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే చెప్పింది, ఈ విషయంలో చట్టం చెయ్యండి, పార్లమెంటులో ఒక కమిటీ పెట్టండి అని. వాజ్‌పేయి ప్రభుత్వం వేసిన కమిషన్ అది. ఆ ప్రభుత్వం చెయ్యలేదు, తర్వాత వచ్చినవాళ్లూ చెయ్యలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరికీ కావాలి ఈ చట్టం. అధికారంలోకి వచ్చాక ఎవరికీ అక్కర్లేదు.

మరి అప్పట్లో వామపక్షాలు ఎందుకు అంత భయపడ్డాయి? ఊరికే భయపడలేదండి. మహారాష్ట్రలో తారాపూర్ అణు కేంద్రం ఉంది. 1963లో అమెరికాతో ఒప్పందం చేసుకున్నాం. రియాక్టర్లు వాళ్లవి, ఇంధనం వాళ్లది. 1969లో కరెంటు మొదలైంది. 1974లో మనం పోఖ్రాన్‌లో అణు పరీక్ష చేశాం. 1978లో వాళ్లు సొంత చట్టం ఒకటి చేసుకుని, ఇంధనం ఇవ్వడం కుదరదన్నారు. ఒప్పందంలో మాట ఇచ్చారు కదా అంటే, మా చట్టం ఒప్పుకోదన్నారు. చివరికి 1982లో ఫ్రాన్స్ ఇస్తానంటే గండం గడిచింది. 2006లో హైడ్ చట్టం చూసినవాళ్లకు తారాపూర్ గుర్తు రాదా? సీపీఎం నేత ప్రకాశ్ కారత్, సీపీఐ నేత బర్దన్ అడిగింది అదే. మన సంతకం ఒప్పందం మీద, వాళ్ల చట్టం వాళ్ల చేతిలో. రేపు మళ్లీ పరీక్ష చేయాల్సి వస్తే ఏమిటి? వాళ్లే కాదు, అణు శాస్త్రవేత్తల్లో పి.కె. అయ్యంగార్ లాంటి పెద్దలూ అడిగారు.

ఇంకో పక్క కూడా చెప్పాలి. నేను ఒప్పందం వద్దన్నవాణ్ణి కాదు. 2008 నాటికి మన అణు కరెంటు 4,120 మెగావాట్లు. యురేనియం చాలక ఆ రియాక్టర్లు దాదాపు సగం సామర్థ్యంతో నడిచేవి. కట్టిన రియాక్టరు ఇంధనం లేక సగం పని చేస్తుంటే దేశానికి ఎంత నష్టం! 2008 సెప్టెంబర్ 6న అణు సామగ్రి అమ్మే దేశాల బృందం తన ఆంక్షల నుంచి మనకు మినహాయింపు ఇచ్చాక కజకిస్తాన్ నుంచి, రష్యా నుంచి, తర్వాత కెనడా నుంచి యురేనియం వచ్చింది. హైదరాబాద్‌లో మన అణు ఇంధన కర్మాగారంలో అది ఇంధన కడ్డీలవుతోంది. రియాక్టర్లు నిండుగా నడుస్తున్నాయి. అది ఒప్పందం తెచ్చిన మేలు, కాదనకూడదు. కానీ అప్పుడు ఊరించిందేమిటి? అమెరికా రియాక్టర్లు వస్తాయి, వేల మెగావాట్లు వస్తాయి అని. అన్నేళ్లు గడిచాయి. అమెరికా కంపెనీ రియాక్టరు ఒక్కటీ ఇక్కడ కట్టలేదు. ఈ రోజుకీ దేశం వాడే కరెంటులో అణువు వాటా మూడు శాతం దగ్గరే ఉంది.

ఇంకొక సంగతి, ఇది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. చర్చ జరగడం వల్ల ఒప్పందం బాగుపడింది. 2006 ఫిబ్రవరిలో అణుశక్తి కమిషన్ ఛైర్మన్ అనిల్ కకోద్కర్ పేపరుకు ఇంటర్వ్యూ ఇచ్చి, కల్పాక్కంలో కడుతున్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరును, అంటే నడుస్తూనే కొత్త ఇంధనం తయారుచేసే రియాక్టరును, విదేశీ తనిఖీ కిందికి ఇవ్వకూడదన్నారు. పదవిలో ఉన్న మనిషి, బాహాటంగా. గొడవ అయింది. ఫలితం ఏమిటి? మార్చిలో అమెరికా అధ్యక్షుడు బుష్ ఢిల్లీ వచ్చేనాటికి లెక్క తేలింది. 22 రియాక్టర్లలో 14 తనిఖీ కిందికి వెళ్తాయి, 8 వెళ్లవు, బ్రీడర్ మన చేతిలోనే ఉంటుంది. ఆ ఆగస్టు 17న రాజ్యసభలో ప్రధాని గంటసేపు నిలబడి ఒక్కో అనుమానానికీ హామీ ఇచ్చారు. నలుగురూ నాలుగు మాటలు అనబట్టే కదా ఆ హామీలు వచ్చాయి? చర్చ దేశానికి అడ్డం అనేవాళ్లకు నా జవాబు ఇదే. చర్చ మన బేరగాళ్ల చేతికి బలం ఇస్తుంది. మా పార్లమెంటు ఒప్పుకోదు అని అమెరికావాళ్లు ప్రతి మీటింగులోనూ అన్నారు. ఆ మాట మనవాళ్లు అనగలిగారా? ఓటే లేనప్పుడు ఎలా అంటారు?

పార్టీల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, దాని మీద ఎక్కువసేపు ఉండను. అమెరికాతో ఈ మాటలు మొదలుపెట్టింది వాజ్‌పేయి ప్రభుత్వం. 2008లో వ్యతిరేకించింది బీజేపీ. 2015లో ఒబామా వచ్చినప్పుడు అదే ఒప్పందాన్ని ముందుకు నడిపించిందీ, 2016లో జపాన్‌తో ఇంకొకటి చేసుకుందీ బీజేపీ ప్రభుత్వం. కాంగ్రెస్‌దీ ఇదే తీరు, కాకపోతే తిరగేసి. ములాయం సింగ్ పార్టీ ఒక్క వారంలో మారింది, అబ్దుల్ కలాం గారిని కలిసొచ్చి మద్దతు అన్నారు. వామపక్షాలు మాట మీద నిలబడ్డాయి గాని, తమిళనాడు కూడంకుళంలో రష్యా రియాక్టర్ల దగ్గరికి వచ్చేసరికి అంత గట్టిగా లేవు. అక్కడ కేరళ సీపీఎం నేత అచ్యుతానందన్ సొంత పార్టీకే ఎదురు మాట్లాడాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో తెలుగుదేశం అప్పుడు వ్యతిరేకం, ఆ పార్టీ ఎంపీలు ఇద్దరు ప్రభుత్వం వైపు ఓటేశారు కూడా. ఇప్పుడు అదే పార్టీ కేంద్రంలో భాగస్వామి. ఇవి నేను ఎవర్నీ తిట్టడానికి చెప్పడం లేదు. ఓటు పడకపోతే మాట మార్చుకోవడం ఎంత సులువో చూపిస్తున్నాను. పేరు పక్కన ఓటు రికార్డు అయ్యుంటే మార్చుకునేముందు ఒకసారి ఆలోచించేవారు.

మన సంగతి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన గోదావరి జిల్లాల్లో అణు కేంద్రం లేదు కదా, మనకెందుకీ గొడవ అని ఎవరన్నా అనుకుంటున్నారేమో. పైన మణుగూరు దగ్గర భారజల కర్మాగారం ఉంది. మన గోదావరి నీళ్లే తీసుకుని, వాటిలో అతి కొంచెంగా ఉండే భారజలాన్ని వేరు చేస్తారు. దేశంలో చాలా రియాక్టర్లు నడిచేది దానితోనే. మన తీరం వెంబడి పైకి వెళ్తే శ్రీకాకుళం జిల్లాలో కొవ్వాడ. 2009లో దాన్ని అమెరికా కంపెనీలకు కేటాయించారు. మొదట ఒక కంపెనీ అన్నారు, తర్వాత గుజరాత్‌లో మీఠీ విర్దీ వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడ కట్టాలనుకున్న వెస్టింగ్‌హౌస్ కంపెనీ రియాక్టర్లు ఆరూ కొవ్వాడకు మార్చారు. 2017 మార్చిలో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. రెండు వేల ఎకరాలకు పైగా భూమి, వేటకు వెళ్లే మత్స్యకారుల ఊళ్లు, ఇన్నేళ్లుగా ఉంటాయో ఊడతాయో తెలియని బతుకు. ఇల్లు బాగుచేయించుకోవాలా వద్దా, ఆడపిల్ల పెళ్లి ఇక్కడే చేయాలా అని ఆలోచించుకునే టెన్షన్. ఒప్పందం మీద సంతకం వాషింగ్టన్‌లో జరిగింది, దాని బరువు మాత్రం ఆ ఊళ్లో పడింది. ఆ ఊరివాళ్ల ఎంపీ ఎప్పుడైనా ఈ ఒప్పందం మీద అవునని గాని కాదని గాని ఓటేశాడా? వేసే అవకాశమే లేదు.

కరెంటు అక్కర్లేదని అనేవాళ్లం కాదు మనం. భీమవరం వైపు చెరువుల మీద ఏరేటర్లు తిరగకపోతే ఒక్క రాత్రిలో రొయ్య తేలిపోతుంది. అందరికీ తెలుసు. కరెంటు కావాలి. కాకపోతే, ఏదన్నా జరిగితే నష్టం ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్న అడిగే హక్కు ఈ దేశంలో ఎవరికన్నా ఎక్కువగా మనకుంది. పాశర్లపూడి ఇక్కడికి ఎంత దూరం? 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి అంటుకుంటే 65 రోజులు మండింది. నగరం ఎంత దూరం? 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలింది. ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు, టీ కాయడానికి లేచినవాళ్లు. ఇరవైమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. ఈ హాల్లో ఆ ఊరివాళ్లున్నారు, వాళ్ల ముందు నేను ఎక్కువ మాట్లాడకూడదు.

అందుకే 2010 సంగతి కొంచెం నిదానంగా చెబుతాను. దయచేసి వినండి, అసలు విషయం ఇక్కడుంది.

ఒప్పందం అయ్యాక విదేశీ కంపెనీలు ఒక మాటన్నాయి. ప్రమాదం జరిగితే మా మీద కేసు ఉండకూడదు, అంతా నడిపేవాడే భరించాలి. నడిపేవాడెవరు? మన ప్రభుత్వ సంస్థ. ఆ పద్ధతిలోనే ప్రభుత్వం అణు నష్టపరిహారం బిల్లు తెచ్చింది. నడిపేవాడు ఇచ్చే పరిహారానికి 500 కోట్లు హద్దు. సరిగ్గా అప్పుడే, 2010 జూన్ 7న, భోపాల్ కేసులో కోర్టు తీర్పు వచ్చింది. 1984 డిసెంబర్‌లో వేలమందిని చంపిన గ్యాస్‌కి, ఇరవై అయిదేళ్ల తర్వాత, రెండేళ్ల జైలు. అదీ ఇక్కడి అధికారులకే. దేశం భగ్గుమంది. ఇక ఆ బిల్లు అలాగే పాస్ చేయడం ఎవరివల్లా కాలేదు.

బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి, అంటే బిల్లులను వివరంగా చదివే ఎంపీల కమిటీకి వెళ్లింది. దాని అధ్యక్షుడు మన తెలుగువాడే, టి. సుబ్బరామిరెడ్డి గారు. 500 కోట్ల హద్దు 1,500 కోట్లయింది. పదిహేడో సెక్షన్ దగ్గర పెద్ద పోట్లాట. లోపమున్న యంత్రం ఇచ్చిన సరఫరాదారు మీదికి మన సంస్థ వెళ్లి డబ్బు రాబట్టుకోవచ్చా? కాంట్రాక్టులో రాసుకుంటే రాబట్టుకోవచ్చని ఒక క్లాజు. యంత్రంలో లోపం ఉంటే రాబట్టుకోవచ్చని ఇంకో క్లాజు. ఈ రెండు క్లాజుల మధ్య ఎవరో ఒక 'మరియు' చేర్చారు. చేరిస్తే ఏమవుతుంది? రెండూ ఉంటేనే హక్కు. అంటే కాంట్రాక్టులో లేకపోతే, లోపం ఎంత ఉన్నా ఏమీ చేయలేం. ప్రతిపక్షం పట్టుకుంది, బీజేపీ, వామపక్షాలు కలిసి. ఆ మాట తీసేశారు. మళ్లీ సరఫరాదారు 'కావాలని' చేసిన నష్టానికే బాధ్యత అని ఇంకోటి చేర్చారు. అణు ప్రమాదం కావాలని చేసే కంపెనీ ఉంటుందా ఎక్కడైనా? అదీ పట్టుకున్నారు. అదీ తీసేశారు. ఆగస్టు 25న లోక్‌సభలో, 30న రాజ్యసభలో పాసయింది. లోపమున్న సామాను ఇచ్చినవాడి మీదికి వెళ్లే హక్కు చట్టంలో నిలిచింది.

మీకు తెలిసినదానితోనే చెబుతాను. చెరువు లీజుకు తీసుకున్న రైతు హేచరీ నుంచి సీడ్, అంటే రొయ్యపిల్లలు తెచ్చుకున్నాడు. సీడ్‌లోనే జబ్బుంది. పంట పోయింది. ఇప్పుడు హేచరీ వాడు, బిల్లు వెనక రాసుకోలేదు కాబట్టి నాకు సంబంధం లేదంటే మీరు ఊరుకుంటారా? 2010లో మన పార్లమెంటు ఊరుకోలేదు. ఒప్పందం మీద ఓటు లేకపోయినా, చట్టం మీద ఓటుంది కాబట్టి అంత మంచి పని చేయగలిగింది. పార్టీలు తిట్టుకున్నాయి, కలిశాయి, ఒక్కో మాట చదివాయి, దిద్దాయి. నేను ఇన్నేళ్లలో చూసిన మంచి పార్లమెంటు పని అది. మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఆ మరుసటి మార్చిలోనే ఫుకుషిమా. అక్కడ చెల్లించిన పరిహారం లక్షల కోట్ల యెన్‌లు. రూపాయల్లోకి మార్చినా లక్షల కోట్లే. అప్పటి మన హద్దు ఎంతన్నాం? 1,500 కోట్లు. పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ హద్దే చిన్నది, దానికి తోడు కనీసం సరఫరాదారుని పట్టుకునే హక్కయినా ఉందని అప్పట్లో కొంత ధైర్యం.

ఇప్పుడది ఏమైంది? 2025 డిసెంబర్ 15న అణుశక్తి మీద శాంతి బిల్లు అని కొత్త బిల్లు పెట్టారు. 17న లోక్‌సభ, 18న రాజ్యసభ. అయిపోయింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి పరిహార చట్టం రెండూ పోయాయి. ప్రైవేటు కంపెనీలు అణు కేంద్రాలు నడపొచ్చు. సరఫరాదారు సంగతి? కాంట్రాక్టులో రాసుకుంటే ఉంటుంది, కావాలని నష్టం చేస్తే ఉంటుంది. యంత్రంలో లోపముంటే అన్న క్లాజు లేదు. 2010లో వేలితో చూపించి తీయించిన మాటే వెనక్కి వచ్చి కూర్చుంది. స్థాయీ సంఘానికి పంపండి అని ప్రతిపక్షం అడిగితే పంపలేదు. 2010లో సంఘం చేతిలో పెట్టి నెలల తరబడి చదివారు. ఈసారి నాలుగు రోజులు కూడా పట్టలేదు. చట్టం మీద ఓటుంది కదా, అయినా ఇలా అయింది కదా, మరి ఓటు వల్ల ఏం లాభం అని ఇందాక బయట ఒక తమ్ముడు నన్నడిగాడు. మంచి ప్రశ్న. నా జవాబు, కమిటీ లేకుండా, చదివే టైము ఇవ్వకుండా పెట్టే ఓటు సగం ఓటే. అందుకే నేను రెండూ కలిపి అడుగుతున్నాను. 14వ అంశం కింద చట్టం కావాలి. విదేశీ ఒప్పందం ఏదైనా సంతకానికి ముందు పార్లమెంటు కమిటీకి వెళ్లాలి, నిర్ణీత గడువు ఉండాలి, తర్వాత ఓటు జరగాలి. రహస్యాలుంటాయి అంటారు. ఉంటాయి. కమిటీ తలుపులు వేసుకుని చదవొచ్చు. అమెరికా సెనేట్ కమిటీలకు రహస్యాలు లేవా? 2008లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో చేసుకునే తనిఖీల ఒప్పందం కాపీ, ప్రభుత్వాన్ని నిలబెట్టిన వామపక్షాలకే చూపించలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే అది అందరికీ బయటికొచ్చింది. అంత రహస్యం ఏముంది అందులో?

ఇక ముందు జరగబోయేది చెబుతాను. కొత్త చట్టంతో చట్టపు అడ్డం తొలగింది కాబట్టి కంపెనీలతో బేరాలు మొదలవుతాయి. ఫ్రాన్స్‌తో మహారాష్ట్రలోని జైతాపూర్, అమెరికాతో కొవ్వాడ, చిన్న రియాక్టర్లు వేరే. సరఫరాదారు బాధ్యత ఇక పూర్తిగా కాంట్రాక్టులో ఏం రాసుకుంటారన్న దాని మీదే ఉంది. ఆ కాంట్రాక్టులు పార్లమెంటుకు రావు. కాబట్టి అడగవలసింది అక్కడే, ఇప్పుడే. మీ ఎంపీ ఊరికి వచ్చినప్పుడు రోడ్డు అడగండి, డ్రైనేజీ అడగండి, తప్పకుండా అడగండి. వాటితోపాటు ఇదీ అడగండి. కొవ్వాడ కాంట్రాక్టులో సరఫరాదారు బాధ్యత క్లాజు ఉంటుందా లేదా, రాతపూర్వకంగా ప్రభుత్వం నుంచి జవాబు తెప్పించండి అని. ఎంపీకి ప్రశ్న వేసే హక్కుంది, మంత్రి జవాబు చెప్పక తప్పదు, ఆ జవాబు రికార్డులో ఉంటుంది. ఉత్తరం రాయడానికి సాయం కావాలంటే నేను ఈ సాయంత్రం ఇక్కడే ఉంటాను, కాగితాలు తెచ్చాను.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. నగరం నుంచి వచ్చిన అమ్మ చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. మైకు ముందు ఆవిడకి ఇవ్వండి.